ఇద్దరికీ కలిపి పదిహేను వందల డాలర్లలో కెనడా ప్రెయిరీల రోడ్ ట్రిప్: ఎలా ప్లాన్ చేసుకోవాలి

విన్నిపెగ్‌లోనో రెజైనాలోనో ఉండే మన జంటల్ని వేసవిలో ఎక్కడికెళ్తున్నారని అడిగితే ఎక్కువమంది చెప్పేది రాకీ పర్వతాల్లోని బాన్ఫ్. దానికోసం తెల్లవారుజామున బయల్దేరి, విన్నిపెగ్ నుంచి కాల్గరీ దాకా పదమూడు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని హైవే 1 మీద ఒకే రోజులో లాగించేసి, "దారిలో ఏముంది, అంతా పొలాలే" అంటారు. ఆ పొలాల మధ్యలోనే ఇసుక దిబ్బలున్నాయి, బైసన్ల మందలున్నాయి, మునగలేని ఉప్పునీటి చెరువుంది, డైనోసార్ల ఎముకలు బయటపడే లోయలున్నాయి. వాటిలో చాలావరకు చూడటానికి డబ్బు కూడా పెద్దగా అక్కర్లేదు. ఇది ఆ ట్రిప్ గురించి. రాకీ పర్వతాల దాకా వెళ్ళకుండా, మానిటోబా, సస్కాచువాన్, అల్బర్టా మూడు రాష్ట్రాల మైదానాల్లోనే (ప్రెయిరీలంటే ఇవే) ఒక చుట్టు చుట్టి ఇంటికి రావడం.

ముందుగా ఒక్క మాట చెప్తాను, మిగతాదంతా దానిమీదే నడుస్తుంది. ఈ ట్రిప్‌లో డబ్బు ఎక్కడ పోతుందంటే గ్యాస్‌లో (అంటే పెట్రోల్‌లో) కాదు, టికెట్లలో కాదు, రాత్రి ఎనిమిదింటికి అలసిపోయి ఆకలితో ఏదో ఊళ్ళో దిగినప్పుడు పోతుంది. టెంట్ వేసే ఓపిక ఉండదు కాబట్టి దొరికిన మోటెల్‌కి నూట అరవై ఇస్తారు, వండుకునే ఓపిక ఉండదు కాబట్టి ఇద్దరి భోజనానికి అరవై, డెబ్బై అవుతుంది, ఆ కోపంలో ఒకరి మీద ఒకరు విసుక్కుంటారు, అది వేరే లెక్క. అందుకని బడ్జెట్ వేసుకోవడమంటే డాలర్లు లెక్కపెట్టడం కన్నా ముందు రోజుకి ఎన్ని గంటలు నడపాలో లెక్కపెట్టుకోవడం.

మొదట రూట్ గీసుకోండి, గుండ్రంగా

సొంత కారుంటే ఎక్కడ మొదలుపెట్టారో అక్కడికే తిరిగొచ్చేలా చూసుకోండి. రెంటల్ కారైతే ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఒక ఊళ్ళో తీసుకుని ఇంకో ఊళ్ళో వదిలేస్తే వేసే వన్‌వే ఛార్జీ ఒక్కోసారి కారు అద్దెతో సమానంగా ఉంటుంది. రెంటల్ తీసుకునేటప్పుడు రెండు ప్రశ్నలు తప్పకుండా అడగండి: కిలోమీటర్ల పరిమితి ఉందా, గ్రావెల్ రోడ్ల మీద ఇన్సూరెన్స్ వర్తిస్తుందా. ఇరవై ఐదేళ్ళలోపు వాళ్ళకి రోజువారీ అదనపు ఛార్జీ వేయడం మామూలే, కాబట్టి ఇద్దరిలో వయసెక్కువున్న వాళ్ళ పేరు మీద తీసుకోండి. ఇండియా నుంచి చూడటానికి వచ్చినవాళ్ళు నడపాలనుకుంటే మన లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా ఊరినుంచే తెచ్చుకోవాలి.

నేను చెప్పే చుట్టు విన్నిపెగ్ నుంచి మొదలవుతుంది, పది రాత్రులు పడుతుంది, ఊళ్ళలో తిరగడం కూడా కలుపుకుని సుమారు మూడువేల రెండొందల కిలోమీటర్లు. రెజైనాలో ఉండేవాళ్ళు అక్కడినుంచే, కాల్గరీ వాళ్ళు డ్రమ్‌హెల్లర్ నుంచి అందుకోవచ్చు. వరస ఇది: విన్నిపెగ్ నుంచి స్ప్రూస్ వుడ్స్, అక్కడినుంచి కపెల్ లోయ, తర్వాత రెజైనా, మూస్ జా మీదుగా గ్రాస్‌లాండ్స్ నేషనల్ పార్క్‌లో రెండు రాత్రులు, ఆపైన సైప్రస్ హిల్స్, డైనోసార్ ప్రొవిన్షియల్ పార్క్, డ్రమ్‌హెల్లర్, సస్కటూన్, మానిటూ బీచ్, రైడింగ్ మౌంటెన్, ఇల్లు.

ఈ చుట్టులో నాలుగొందల కిలోమీటర్లు దాటే రోజులు నాలుగే వస్తాయి. మిగతా రోజుల్లో రెండు, మూడు గంటలు నడిపితే చాలు. మధ్యాహ్నం మూడింటికల్లా క్యాంప్‌గ్రౌండ్ చేరడం అనేదాన్ని నియమంగా పెట్టుకోండి. వెలుతురుండగా టెంట్ వేసి, వంట చేసుకుని తింటే ఆ రోజు ఖర్చు చేతిదాటదు.

టైమ్ విషయంలో ఒక తిరకాసు ఉంది. సస్కాచువాన్‌లో గడియారం వేసవిలో ముందుకి జరపరు. కాబట్టి వేసవిలో మానిటోబా నుంచి సస్కాచువాన్‌లోకి వెళ్ళగానే ఒక గంట కలిసొస్తుంది, అక్కడినుంచి అల్బర్టాకి వెళ్తే ఏ తేడా ఉండదు. తిరిగొచ్చేటప్పుడు ఆ గంట పోతుంది. ఆ గంట పోయే రోజునే ఒక పెద్ద డ్రైవ్ ఉంది కాబట్టి గుర్తుంచుకోండి.

ఎప్పుడు వెళ్ళాలి

కనోలా పొలాలు పసుపుపచ్చగా విరబూసేది జూన్ చివర్నుంచి జూలై మూడో వారం దాకా. ఫొటోల కోసమే అయితే అప్పుడే వెళ్ళాలి, కానీ దోమలకీ అదే సీజన్, పిడుగులతో వచ్చే గాలివానలకీ అదే సీజన్. నన్నడిగితే ఆగస్టు మూడో వారం తర్వాత బయల్దేరమంటాను. దోమలు తగ్గుతాయి, గోధుమ కోతకొచ్చి ఉంటుంది, అల్బర్టాలో టేబర్ అనే ఊరి మొక్కజొన్న రోడ్డు పక్క ట్రక్కుల్లో అమ్ముతుంటారు. లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) దాటాక క్యాంప్‌సైట్లు ఖాళీ, మోటెల్ రేట్లూ కొంచెం దిగుతాయి, కాకపోతే రాత్రుళ్ళు అయిదారు డిగ్రీలకి పడిపోతుంది, మామూలు దుప్పట్లు చాలవు. జూలై 1 (కెనడా డే) వారం, ఆగస్టు మొదటి లాంగ్ వీకెండ్ రెండూ వదిలేయండి.

క్యాంప్‌సైట్ల బుకింగ్

ఈ ట్రిప్‌లో ఎనిమిది రాత్రులు టెంట్‌లో, రెండు రాత్రులు మోటెల్‌లో. మోటెల్ రాత్రులు ఏవో ముందే తేల్చుకోండి. ఒకటి సస్కటూన్‌లో పెట్టుకోండి, ఎందుకంటే ఆ రోజు డ్రైవ్ అన్నిటికన్నా పొడుగు, బట్టలు ఉతుక్కోవాలి, ఫోన్లన్నీ ఛార్జ్ చేసుకోవాలి. రెండోది చేతిలో ఉంచుకోండి, వాన ఎప్పుడొస్తే అప్పుడు వాడటానికి. ముందే బుక్ చేసిన గది రేటుకీ, వానలో తడుస్తూ వెతుక్కునే గది రేటుకీ తేడా ఉంటుంది కాబట్టి వాతావరణం చూసి మధ్యాహ్నమే బుక్ చేసేయాలి.

నేషనల్ పార్కుల సైట్లు పార్క్స్ కెనడా రిజర్వేషన్ సైట్‌లో దొరుకుతాయి, ఆ ఏడాది బుకింగులు చలికాలంలోనే తెరుస్తారు. అల్బర్టా ప్రొవిన్షియల్ పార్కులు తొంభై రోజుల ముందు తెరుస్తారు. డైనోసార్ పార్క్‌లో వారాంతం కావాలంటే ఆ తొంభయ్యో రోజు పొద్దున్నే కూర్చోవాలి, మామూలు మంగళవారమైతే అంత హడావిడి అక్కర్లేదు. సస్కాచువాన్, మానిటోబాలవి వసంతంలో. అన్ని చోట్లా బుకింగ్ ఫీజు విడిగా ఉంటుంది, అదీ లెక్కలో కలపండి.

ఇవి దొరక్కపోతే కంగారు పడకండి. ప్రెయిరీల్లో చిన్న చిన్న ఊళ్ళు కూడా తమ సొంత క్యాంప్‌గ్రౌండ్ నడుపుతుంటాయి, హాకీ రింక్ పక్కనో బేస్‌బాల్ మైదానం పక్కనో, ఇరవై నుంచి ముప్ఫై అయిదు డాలర్ల మధ్య, చాలాచోట్ల కరెంటు కనెక్షన్‌తో సహా. కవర్లో డబ్బు పెట్టి డబ్బాలో వేయడమే, అందుకని చిల్లర నోట్లు దగ్గరుంచుకోండి. సస్కాచువాన్‌లో రీజినల్ పార్కులని ఇంకో రకం ఉన్నాయి, అవీ బాగుంటాయి, చవక కూడా. ఫొటోల్లో అందంగా కనిపించే పొలం గట్టు మీద టెంట్ వేసుకుందామనుకోకండి. దక్షిణ ప్రెయిరీల్లో నేల దాదాపు అంతా ఎవరో ఒకరిదే. పెద్ద స్టోర్ల పార్కింగ్‌లో కారులో పడుకోవచ్చా అనేది ఆ స్టోర్ ఇష్టం, లోపలికెళ్ళి అడగాలి.

కరెంటున్న సైట్‌కి ఏడెనిమిది డాలర్లు ఎక్కువైనా వారంలో ఒకట్రెండు సార్లు తీసుకోండి. ఎందుకో వంట దగ్గర చెప్తాను.

లెక్క

సొంత కారు, ఇద్దరు మనుషులు, పది రాత్రులు. కారు వంద కిలోమీటర్లకి ఏడున్నర లీటర్లు తాగుతుందనుకుంటే మూడువేల రెండొందలకి 240 లీటర్లు, లీటరు డాలరు నలభై అయిదు చొప్పున 348 డాలర్లు. మీరు వెళ్ళేనాటి రేటు పెట్టుకుని మళ్ళీ గుణించుకోండి. క్యాంప్‌సైట్లు బుకింగ్ ఫీజులతో 320, మోటెల్ రెండు రాత్రులు పన్నులతో 260, గ్రోసరీ 230, పార్కులు, మ్యూజియంలు 130, బయట తిండి 120, ఐసు, కట్టెలు, లాండ్రీ 60. మొత్తం 1,468. మిగిలిన ముప్ఫై చిల్లర ఇద్దరూ కాఫీ తాగేస్తారు. రెంటల్ కారైతే దీనిమీద అద్దె అదనం, టెంట్, స్టవ్ కొత్తగా కొంటే అదీ అదనం, అయితే టెంట్ ఎవరో ఒక ఫ్రెండ్ దగ్గర గరాజ్‌లో ఊరికే పడి ఉంటుంది, అడిగి చూడండి.

పన్నులు ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటాయి. అయిదు శాతం జీఎస్టీ అంతటా ఉంది. దానిమీద మానిటోబాలో ఏడు, సస్కాచువాన్‌లో ఆరు, అల్బర్టాలో సున్నా. కాబట్టి కొత్త స్లీపింగ్ బ్యాగో బూట్లో కొనాలని ఉంటే అల్బర్టాలోని మెడిసిన్ హ్యాట్ దాకా ఆగండి. గ్యాస్ కూడా అల్బర్టాలోనే సాధారణంగా తక్కువ, సరిహద్దు దాటే ముందు సగం ట్యాంకుతో వెళ్ళి అక్కడ నింపుకోండి. కాస్ట్‌కో మెంబర్‌షిప్ ఉంటే విన్నిపెగ్, రెజైనా, మెడిసిన్ హ్యాట్, సస్కటూన్‌లలో పంపులున్నాయి.

పార్క్స్ కెనడా వాళ్ళ ఏడాది పాస్ కొనమని అందరూ చెప్తారు. ఈ రూట్‌లో నేషనల్ పార్కులు రెండే, అవి కూడా మూడు రోజులు. ఆ ఏడాదిలో బాన్ఫ్‌కో జాస్పర్‌కో వెళ్ళే ఉద్దేశం ఉంటేనే పాస్, లేకపోతే రోజు టికెట్ చాలు. 2025 వేసవిలో కేంద్ర ప్రభుత్వం నేషనల్ పార్కుల ప్రవేశం ఉచితం చేసి క్యాంపింగ్‌లో 25 శాతం తగ్గించింది, అలాంటిదేమైనా మీరు వెళ్ళే ఏడాది ఉందేమో చూసుకున్నాకే డబ్బు కట్టండి. అల్బర్టా ప్రొవిన్షియల్ పార్కుల్లో, కననాస్కిస్ వైపు తప్ప, ప్రవేశ రుసుము లేదు. సస్కాచువాన్ ప్రొవిన్షియల్ పార్కుల్లో కారుకి రోజు పర్మిట్ కావాలి.

ఇంకో మాట, ఇది పూర్తిగా సంసారం సంగతి. మొత్తం బడ్జెట్‌లోంచి చెరో నలభై డాలర్లు పక్కన పెట్టుకోండి, దానికి ఎదుటివాళ్ళు "ఎందుకూ" అని అడగకూడదు. ఒకరు దాంతో డైనోసార్ బొమ్మ టీషర్ట్ కొంటారు, ఇంకొకరు మంచి కాఫీలు తాగుతారు. పొదుపు ట్రిప్పుల్లో గొడవలన్నీ పన్నెండు డాలర్ల దగ్గరే వస్తాయి, వెయ్యి డాలర్ల దగ్గర ఎవరూ పోట్లాడుకోరు.

తిండి

ఇక్కడ మనకి ఒక వెసులుబాటు ఉంది, మన వంటల్లో ఫ్రిజ్ లేకుండా నిలవుండేవి చాలా ఉన్నాయి. పులిహోర పులుసు ఇంట్లోనే బాగా నూనెలో ఉడికించి సీసాలో పెట్టుకుంటే వారం పైనే ఉంటుంది, అన్నం వండి కలిపేయడమే. ఉప్మా రవ్వ ముందే నెయ్యిలో వేయించి, పోపు సామాను, జీడిపప్పు అందులోనే కలిపి జిప్ కవర్లలో కొలతగా పెట్టండి, పొద్దున వేడినీళ్ళు పోస్తే టిఫిన్. అటుకులు ఇంకా తేలిక. కందిపొడి, కరివేపాకు పొడి, ఆవకాయ. ఆవకాయ సీసాకి మాత్రం మూత కింద ప్లాస్టిక్ కాగితం వేసి, రెండు కవర్లలో చుట్టి, నిలబెట్టి సర్దండి. గ్రావెల్ రోడ్డు మీద గంట ప్రయాణం చేశాక కారు సీటుకి ఆ నూనె పడితే ఇక వదలదు.

ప్రొపేన్ స్టవ్ మీద అన్నం, పప్పు వండుకోవడం కుదురుతుంది, కానీ ఆ ఆకుపచ్చ చిన్న సిలిండర్లు త్వరగా అయిపోతాయి, గాలికి మంట నిలవదు, పైగా ఇక్కడి గాలి మామూలు గాలి కాదు. కరెంటున్న సైట్ తీసుకోమన్నది అందుకే. రైస్ కుక్కర్ ఒకటి కారులో పడేసుకుంటే ఆ రాత్రి అన్నం, మర్నాటికి పెరుగన్నం, పప్పు, ఉడకబెట్టిన గుడ్లు అన్నీ అయిపోతాయి. కరెంటు లేని రాత్రి కాబూలీ శనగల డబ్బా తెరిచి ఉల్లిపాయ, టమాటాతో పది నిమిషాల కూర, దుకాణంలో కొన్న రోటీలు.

పెద్ద షాపింగ్ విన్నిపెగ్‌లో ఒకసారి, సస్కటూన్‌లో ఒకసారి చేయండి. మధ్యలో పెరుగు, పాలు, ఐసు ఏ ఊరి కో-ఆప్‌లోనైనా దొరుకుతాయి, రేటు మాత్రం నగరంకన్నా ఎక్కువ. కూలర్‌లో ఐసు ముక్కలకి బదులు ఇంట్లో గడ్డకట్టించిన నీళ్ళ సీసాలు పెట్టుకుంటే రెండు రోజులు ఆగుతుంది, కరిగాక తాగొచ్చు. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్ తప్పనిసరి, ఎందుకంటే చిన్న క్యాంప్‌గ్రౌండ్లలో నీళ్ళు మరిగించి తాగమని బోర్డు ఉండటం కొత్తేం కాదు.

బయట తినడానికి పెట్టుకున్న నూట ఇరవైని బర్గర్ల మీద పోయకండి. ఒకసారి పెరోగీలు తినండి, ఉక్రెయిన్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల వంట, ఆలుగడ్డ నింపినవి శాకాహారులకీ పనికొస్తాయి, పైన వేసే బేకన్ వద్దని ముందే చెప్పండి. ఇంకోసారి సస్కటూన్ బెర్రీ పై. ఊరికి ఆ పేరు వచ్చింది ఆ పండు నుంచే. మొక్కజొన్న దొరికితే పొత్తులు నిప్పుల మీద కాల్చి ఉప్పు, కారం, నిమ్మకాయ, ఇది నేను చెప్పక్కర్లేదు.

దారి, ఒక్కో మజిలీ

మొదటి రోజు తక్కువ దూరం పెట్టుకోండి. స్ప్రూస్ వుడ్స్ ప్రొవిన్షియల్ పార్క్ విన్నిపెగ్ నుంచి రెండు గంటలు, కార్‌బెరీ దగ్గర హైవే 5 మీద దక్షిణానికి తిరగాలి. స్పిరిట్ శాండ్స్ అనే ఇసుక దిబ్బల మీద నడక పొద్దున్నే మొదలుపెట్టండి, మధ్యాహ్నం ఇసుక కాలిపోతుంది, నీడుండదు. రెండో రోజు కపెల్ లోయ. హైవే 1 మీంచి చూస్తే అంతా చదునుగానే ఉంటుంది, కొంచెం ఉత్తరానికి వెళ్ళగానే నేల ఒక్కసారిగా దిగిపోయి కింద చెరువులు వరసగా కనిపిస్తాయి. ఎకో వ్యాలీ పార్క్‌లో పడుకోండి.

రెజైనాలో 1912లో పూర్తయిన శాసనసభ భవనం లోపల గైడెడ్ టూర్ ఉచితం, రాయల్ సస్కాచువాన్ మ్యూజియంలో టికెట్ లేదు, విరాళం వేస్తే చాలు, స్కాటీ అనే టైరనోసారస్ నమూనా అక్కడ నిలబెట్టి ఉంటుంది. రెండూ కలిపి మూడు గంటలు. మూస్ జాలో మ్యాక్ అనే పెద్ద మూస్ (దుప్పి జాతి జంతువు) విగ్రహం దగ్గర ఒక ఫొటో. నార్వేలో ఇంతకన్నా ఎత్తైన మూస్ కట్టారని తెలిసి 2019లో దీనికి కొమ్ములు మార్చి ఎత్తు పెంచారు, మన ఊళ్ళలో విగ్రహాల పోటీ చూసినవాళ్ళకి వింతగా అనిపించదు. ఆగింది చాలు, ఆ రోజు సాయంత్రానికి గ్రాస్‌లాండ్స్ పార్క్ పక్కనున్న వాల్ మరీ ఊరు చేరాలి.

గ్రాస్‌లాండ్స్ నేషనల్ పార్క్ ఈ ట్రిప్‌కి గుండెకాయ, అందుకే రెండు రాత్రులు ఇచ్చాను. ఒకప్పుడు ఈ మైదానమంతా ఎలా ఉండేదో, దున్నని గడ్డి నేల, అది మిగిలింది ఇలాంటి చోట్లే. వేట వల్ల పోయిన బైసన్లని 2005లో ఇక్కడికి తిరిగి తెచ్చారు. నల్లతోక ప్రెయిరీ డాగ్‌లు (కుక్కలు కావు, ఉడత జాతి జంతువులు) కెనడాలో సహజంగా బతికేది ఈ ప్రాంతంలోనే, బొరియల ముందు నిలబడి అరుస్తుంటాయి, వాటికి తిండి పెట్టకండి. వెస్ట్ బ్లాక్‌లో ఎకోటూర్ రోడ్డు మీద కారులోనే చాలా చూడొచ్చు, సాయంత్రం ఎండ వాలాక వెళ్ళండి. బైసన్ రోడ్డు మీద నిలబడితే మీరు ఆగాలి, దిగకూడదు, కనీసం వంద మీటర్ల దూరం. నడిచేటప్పుడు బూట్లు, పొడుగు ప్యాంటు వేసుకోండి, ఇక్కడ గిలక పాములున్నాయి, గడ్డిలో పేలపురుగుల్లాంటి టిక్‌లున్నాయి. రాత్రి పడుకునే ముందు ఒకరి మెడ, చెవుల వెనక, మోకాళ్ళ వెనక ఇంకొకరు చూడాలి. 2009 నుంచి ఇది డార్క్ స్కై ప్రిజర్వ్, అంటే రాత్రి దీపాలు పెట్టనిచోటు. పున్నమి రోజులు తప్పించి బుక్ చేసుకుంటే పాలపుంత కొసనుంచి కొసదాకా కనిపిస్తుంది. చెట్టన్నది లేదు, కాబట్టి నీడ మీరే తెచ్చుకోవాలి, పార్కులో గ్యాస్ లేదు, మూస్ జాలోనే ట్యాంకు నిండుగా కొట్టించుకోండి.

అక్కడినుంచి సైప్రస్ హిల్స్‌కి హైవే 13 మీదుగా, ఈస్టెండ్‌లో ఆగుతూ వెళ్ళండి. స్కాటీ దొరికింది ఆ పరిసరాల్లోనే, 1991లో. సైప్రస్ హిల్స్‌లో పైన్ చెట్లు, చల్లటి గాలి, గడ్డి నేల చూసి చూసి అలసిన కళ్ళకి హాయి. పార్కు లోపల సెంటర్ బ్లాక్, వెస్ట్ బ్లాక్‌ల మధ్య గ్యాప్ రోడ్ అని మ్యాప్ దగ్గరదారి చూపిస్తుంది. వాన పడితే ఆ దారి జోలికి పోవద్దు. ఇక్కడి బంకమట్టిని గంబో అంటారు, తడిస్తే టైర్లకి పట్టుకుని కారు కదలనివ్వదు, టో ట్రక్ పిలిస్తే ఆ రోజుతో బడ్జెట్ అయిపోయినట్టే.

బ్రూక్స్ దగ్గరి డైనోసార్ ప్రొవిన్షియల్ పార్క్ 1979 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. గైడెడ్ టూర్లకి డబ్బు కట్టాలి, ముందే నిండిపోతాయి, ఒక్కటైనా తీసుకోండి, సొంతంగా నడిచే దారులు ఉచితం. ఎముక ముక్క కనిపిస్తే తీసి జేబులో వేసుకోకూడదు, చట్టరీత్యా నేరం. డ్రమ్‌హెల్లర్‌లో రాయల్ టిరెల్ మ్యూజియానికి మనిషికి ఇరవై డాలర్ల పైచిలుకు. ఈ ట్రిప్ మొత్తంలో డబ్బు పెట్టాల్సిన మ్యూజియం టికెట్ ఇదొక్కటే అంటాను, తెరిచే టైమ్‌కే వెళ్ళండి. హార్స్‌థీఫ్ క్యాన్యన్ చూసి బ్లేరియో ఫెర్రీ మీద కారుతో సహా నది దాటొచ్చు, ఉచితమే. ఊళ్ళో ఉన్న 26 మీటర్ల డైనోసార్ బొమ్మని బయటినుంచి చూస్తే చాలు, లోపలికెళ్ళి ఎక్కడానికి డబ్బు దండగ.

తర్వాత కిండర్స్‌లీ మీదుగా సస్కటూన్ దాకా దాదాపు 480 కిలోమీటర్లు, మోటెల్, స్నానం, లాండ్రీ. మర్నాడు మానిటూ బీచ్, గంటన్నర లోపే. లిటిల్ మానిటూ చెరువు నీళ్ళు ఎంత ఉప్పగా ఉంటాయంటే ఈతరానివాళ్ళు కూడా తేలతారు. షేవింగ్ చేసుకున్న రోజు దిగకండి. రైడింగ్ మౌంటెన్‌లో క్లియర్ లేక్ ఒడ్డున ఆఖరి రాత్రి. అక్కడ నల్ల ఎలుగుబంట్లు ఉంటాయి, పోపు వాసనొచ్చే గిన్నెల్ని, కూలర్‌ని కారులో పెట్టి తాళం వేయండి, టెంట్‌లో బిస్కెట్ ముక్క కూడా ఉండకూడదు.

నడిపేవాళ్ళకి

హైవే 1 డివైడర్ రోడ్డు, ఎక్కువ భాగం వేగ పరిమితి గంటకి 110 కిలోమీటర్లు. మిగతావి రెండు లేన్లవి. పడమరకి వెళ్ళేటప్పుడు గాలి సాధారణంగా ఎదురొస్తుంది, మైలేజ్ పడిపోతుంది, వందకి తగ్గిస్తే గ్యాస్ మిగులుతుంది, చెవులకీ సుఖం. సస్కాచువాన్‌లో రోడ్డు పనివాళ్ళని, లైట్లు వెలుగుతున్న టో ట్రక్‌ని, అంబులెన్స్‌ని దాటేటప్పుడు అరవైకి దిగాలి, ఫైన్లు వాచిపోతాయి. చీకటి పడే వేళకి జింకలు రోడ్డెక్కుతాయి, ఆ టైమ్‌కి మీరు ఎలాగూ టెంట్ దగ్గర ఉంటారు.

హైవే దిగి పొలాల్లోకి వెళ్తే తప్పిపోతామనే టెన్షన్ అక్కర్లేదు. నేలనంతా మైలు చదరాలుగా కొలిచి గీసిన సర్వే ఇది, సస్కాచువాన్, అల్బర్టాల్లో ఉత్తర దక్షిణ రోడ్లకి మైలుకొకటి, తూర్పు పడమర రోడ్లకి రెండు మైళ్ళకొకటి స్థలం వదిలారు. కానీ గడిలో గీసిన ప్రతి రోడ్డూ నిజంగా రోడ్డు కాదు, కొన్ని ట్రాక్టర్ దారులు. ఎదురుగా ట్రక్ వస్తే వేగం తగ్గించి పక్కకి జరగండి, రాళ్ళు ఎగిరి అద్దం పగులుతుంది. మ్యాప్ మొత్తం ఆఫ్‌లైన్‌లో దించుకోండి, సిగ్నల్ లేని చోట్లు చాలా ఉన్నాయి. రోడ్లు తిన్నగా ఉండటం వల్లే నిద్ర ముంచుకొస్తుంది, గంటన్నరకోసారి డ్రైవర్ మారాలి, పక్కసీట్లో ఉన్నవాళ్ళు నిద్రపోకూడదని ఒప్పందం చేసుకోండి.

వెదర్‌కెన్ యాప్ పెట్టుకుని పొద్దున, మధ్యాహ్నం చూడండి. పడమట ఆకాశం ఆకుపచ్చగా మారి నల్లబడుతుంటే టెంట్ గురించి ఆలోచించకుండా కారులోకో క్యాంప్‌గ్రౌండ్ బాత్రూమ్ భవనంలోకో వెళ్ళిపోండి. 2024 ఆగస్టు 5న కాల్గరీలో పడిన వడగళ్ళకి విమానాశ్రయం పైకప్పే దెబ్బతింది. టెంట్ మేకులు సన్నవైతే ఈ గట్టి నేలలో వంగిపోతాయి, లావువి కొనుక్కోండి. అడవి మంటల పొగ ఉన్న ఏడాది నిప్పు వేయడం నిషేధిస్తారు, కట్టెలు కొనేముందు ఆఫీసులో అడగండి.

తిరిగొచ్చాక మర్నాడు ఒక రోజు సెలవు ఉంచుకోండి. పోయిన గంట సంగతి అలా ఉంచినా, కారు ముందు భాగం నిండా పురుగులు ఎండిపోయి ఉంటాయి, ఆ రోజే కడగకపోతే రంగుకి మచ్చలు పడతాయి. టెంట్ తడిగా మడిచి తెచ్చి ఉంటారు, బాల్కనీలో ఆరేయండి, లేకపోతే బూజు పడుతుంది. ఖాళీ ప్రొపేన్ సిలిండర్లు చెత్తబుట్టలో వేయకూడదు, రీసైక్లింగ్ డిపోకి తీసుకెళ్ళాలి. టెంట్ ఇచ్చిన ఫ్రెండ్‌కి ఒక జాడీ సస్కటూన్ బెర్రీ జామ్ ఇస్తే వచ్చే ఏడాది కూడా అడగొచ్చు.